హెల్సింకీ, టాలిన్, మా అక్కవాళ్ళ లంక

మొన్న శనివారం మధ్యాహ్నం మా అక్క కూతురు తన పిల్లను వెంటబెట్టుకుని ఏలూరులో మా ఇంటికి వచ్చింది. పిల్లకి బడి బస్సు కోసం ఏదో దరఖాస్తు నింపించుకోవాలట. ఎండన పడి వచ్చారు, ముందు మజ్జిగ తాగండని నేను లోపలికి వెళ్ళేసరికి పిల్ల నా ఫోను తీసుకుని వాళ్ళ సోషలు టీచరుగారు ఇచ్చిన ప్రాజెక్టు పని మొదలుపెట్టేసింది. ఐరోపాలో ఒకదానికొకటి దగ్గరగా ఉన్న రాజధానులు ఏవేవో వెతికి రాసుకు రమ్మన్నారట. గ్లాసులు పట్టుకుని వస్తూంటే, "అమ్మమ్మా, ఇది చూడండి, ఇందులో లెక్క తప్పుపడింది" అంటూ ఫోను నా ముఖం ముందు పెట్టింది. హెల్సింకీ నుంచి టాలిన్‌కు విమాన దూరం ఎనభై రెండు కిలోమీటర్లు, రోడ్డు దూరం ఏడువందల యాభై ఎనిమిది కిలోమీటర్లు అని ఉంది అందులో. తప్పేమీ లేదమ్మా, మధ్యలో సముద్రం ఉంది, రోడ్డు దాన్ని చుట్టుకుని పోవాలి అని చెప్పాను. ఆ ఏడువందల యాభై ఎనిమిది అక్కడ వేసింది నేనే. పద్దెనిమిదేళ్ళ కిందట తాడేపల్లిగూడెంలో, ఉల్లిపాయల ఘాటులో కూర్చుని వేశాను.

నా ఈడు వాళ్ళకి ఆ రోజులు గుర్తుండే ఉంటాయి. రెండు వేల ఆరు, ఏడు ప్రాంతం. ప్రతి ఊళ్ళోనూ మేడమీద రెండు గదులు దొరికితే చాలు, పది కంప్యూటర్లు పెట్టి విదేశాల పని చేయిస్తున్నామని బోర్డు కట్టేవారు. నేను అప్పటికి పదకొండేళ్ళు ఒక ప్రైవేటు స్కూల్లో సోషలు చెప్పాను. ఆ స్కూలు మూతపడింది, మా ఆయన అంతకు రెండేళ్ళ ముందే పోయారు, నాకు నలభై నిండాయి. ఏలూరు పవరుపేటలో ఒక మేడమీద గదిలో ఇద్దరు నర్సులతో కలిసి ఉండేదాన్ని. తాడేపల్లిగూడెంలో మ్యాపులు తెలిసినవాళ్ళు కావాలంటున్నారని ఎవరో చెబితే వెళ్ళాను. మ్యాపు అంటే నాకు ప్రాణం, పదకొండేళ్ళు నల్లబల్ల మీద ఐరోపాను చూడకుండా గీసినదాన్ని, వెళ్ళిన రోజే కూర్చోమన్నారు.

రోజూ పొద్దున్నే పాసింజరు బండి ఎక్కితే దెందులూరు, భీమడోలు, పూళ్ళ అంటూ ప్రతి స్టేషన్లోనూ ఆగి, ఒకవైపు వరిచేలూ ఇంకోవైపు చేపల చెరువులూ చూపించుకుంటూ తాపీగా గూడెం చేర్చేది. మా ఆఫీసు ఉల్లిపాయల మార్కెట్టుకి దగ్గర్లో ఒక కొట్టు మేడమీద ఉండేది. గాలి వీస్తే ఉల్లిపొట్టు మెట్లమీదుగా లోపలికి ఎగిరొచ్చి కీబోర్డుల మీద పడేది, అది ఊదేసుకుంటూ మేము లిస్బన్‌నీ బెర్లిన్‌నీ టైపు చేసేవాళ్ళం. చెప్పులు బయట విడిచి రావాలి, కంప్యూటర్లకి దుమ్ము పడదని. పద్నాలుగు మందిమి ఉండేవాళ్ళం, అందరిలోకీ పెద్దదాన్ని నేనే కాబట్టి మా ఇన్‌ఛార్జి కూడా, అతనికి నిండా పాతికేళ్ళు లేవు, నన్ను మేడమ్‌గారండీ అనేవాడు.

పని చెప్పడానికి చాలా తేలిక. ఐరోపాలో రెండు ఊళ్ళ పేర్లు ఒక వరసలో ఉంటాయి, పక్కన రెండు గడులు. మొదటి గడిలో విమాన దూరం, రెండో గడిలో రోడ్డు దూరం. విమాన దూరం యంత్రమే లెక్కగట్టి ఇచ్చేది. రోడ్డు దూరం మేము లావుపాటి అట్లాసు వెనక పట్టికల్లో చూసి వేయాలి. పట్టికలో ఆ జత ఊళ్ళు లేకపోతే విమాన దూరానికి దానిలో నాలుగోవంతు కలిపి వేసేయమని మాకు చెప్పిన సూత్రం. ఇంకో సూత్రం కూడా ఉండేది. కొన్ని షీట్లలో దూరానికి ఒకటే గడి ఉండేది, అలాంటప్పుడు అందులో విమాన దూరమే వేయాలి. ఈ రెండో సూత్రాన్ని మీరు కాస్త గుర్తుపెట్టుకోండి. నేను మరిచిపోలేకపోతున్నది దాన్నే.

హెల్సింకీ, టాలిన్ నా వంతుకి వచ్చాయి. విమాన దూరం ఎనభై రెండు. పట్టికలో ఆ జత లేదు. సూత్రం ప్రకారం నూట రెండు అని వేసి తరవాతి వరసకి పోవాలి. నాకు చెయ్యి రాలేదు. ఎందుకంటే ఆ రెండు ఊళ్ళకీ మధ్య నీళ్ళున్నాయి, నీళ్ళ సంగతి మా ఇంట్లో పుట్టినవాళ్ళకి ఎవరూ చెప్పక్కర్లేదు. మాది కొల్లేటి గట్టు ఊరు, మా అక్కని ఇచ్చింది కొల్లేటి నడుమ లంకలో. అక్కవాళ్ళ అరుగుమీద నిలబడితే ఎదురుగా నీటికి అవతల హైస్కూలు తెల్లగోడ కనబడేది, గాలివాటున పొద్దుటి ప్రార్థన మైకులో వినబడేది, తాటిదోనె మీద వెళితే నాలుగు కిలోమీటర్లు. రోడ్డు పట్టుకుని పోవాలంటే మాత్రం, ముక్కేదంటే తల చుట్టూ చెయ్యి తిప్పి చూపించినట్టు, కాలిబాటన మెయిన్ రోడ్డుకి వచ్చి, బస్సెక్కి, ఒకచోట దిగి ఇంకో బస్సెక్కి, ఇరవై ఆరు కిలోమీటర్లు పోవాలి. పూర్వం చేపల చెరువుల గట్లమీదుగా అడ్డదారి ఉండేది, అంతకు ముందు ఏడాది సర్కారు ఆ గట్లు కొట్టేయించడంతో ఆ దారీ పోయింది.

ఇదంతా ఇన్‌ఛార్జికి చెబితే నవ్వాడు. "ఏవండీ మేడమ్‌గారండీ, నూటరెండు వేసేయండి. ఎవరండీ కారేసుకెళ్ళి కొలిచి చూసేది?" అన్నాడు. నేను వేయలేదు. నా మొండితనం నాకు అప్పట్లో చాలా ముచ్చటగా ఉండేది లెండి. రెండు రోజులు అన్నం తినే వేళలో అట్లాసు ముందేసుకుని, తెల్ల నూలుపోగు తడిపి, హెల్సింకీ నుంచి ఎర్రగీత వెంబడే తూర్పుగా రష్యాలోకి పోయి, ఆ సముద్రపు చివర చుట్టుకుని, మళ్ళీ పడమరగా టాలిన్ దాకా పోగును పరిచాను. మలుపుల దగ్గర గుండుసూదులు గుచ్చాను. మధ్యలో ఫ్యాను గాలికి పోగు లేచిపోతే మళ్ళీ మొదలుపెట్టాను. ఆ పోగును స్కేలు మీద పెట్టి కొలిచి, రోడ్డు పక్కన అట్లాసులో వేసిన అంకెలతో సరిచూసుకుంటే ఏడువందల యాభై ఎనిమిది వచ్చింది. అదే వేశాను.

వారం తిరిగేసరికి ఆ విదేశపు కంపెనీ వాళ్ళ దగ్గర్నుంచి ఉత్తరం వచ్చింది. నీళ్ళు అడ్డున్న ఊళ్ళన్నిటికీ అందరూ తప్పు దూరాలు వేసి పంపితే ఒక్కరే సరిగ్గా వేశారు, వారెవరు అని అడిగారట. ఇన్‌ఛార్జి అందరి ముందూ నా పేరు చదివి, మిరపకాయ బజ్జీలు తెప్పించాడు. నలభై ఏళ్ళ జీవితంలో అంతమంది నా కోసం చప్పట్లు కొట్టడం అదే మొదలు. అప్పుడప్పుడే వేడి బజ్జీ కొరుకుతూ ఉండగా, మెట్లమీద నుంచి మా బావగారు తొంగి చూశారు.

ఆ మనిషి గూడెం రావడమే అబ్బురం. పొద్దున్నే దోనె మీద, ఆ తరవాత రెండు బస్సుల మీద, అడుగడుక్కీ దారి అడుక్కుంటూ వచ్చారు. చేతిలో ప్లాస్టిక్ కవరు, అందులో ఒక దరఖాస్తు. నేను ఇందాక చెప్పిన హైస్కూలు పక్కనే ఆడపిల్లల హాస్టలు ఉంది. మా అక్క కూతురు ఏడో తరగతి లంకలో మొదటి మార్కులతో పాసయింది, లంకలో అంతకు మించి తరగతి లేదు. హాస్టల్లో సీటు వస్తే హైస్కూలు చదువు, రాకపోతే లేదు, అంతే సంగతి. మా బావగారికి చదవడం రాదు. అక్కకి సంతకం వరకూ వచ్చు. లంకలో రాసిపెట్టే మాస్టారు ఉన్నా, "ఆయన రాస్తే ఏం తెలుస్తుందమ్మా, మా మరదలు పరదేశాల దూరాలే లెక్కలు కడతంది, ఆవిడ చేతే రాయిస్తానని మీ అక్కతో చెప్పి వచ్చాను" అన్నారు, చుట్టూ ఉన్నవాళ్ళకి కూడా వినబడేటట్టు. నాకు బజ్జీ కన్నా ఆ మాట రుచిగా ఉంది.

సాయంత్రంలోగా అది తిరిగి హాస్టల్లో ఇచ్చేయాలి, బస్సుకి వేళయిపోతోంది, ఇన్‌ఛార్జి ఇంకో బజ్జీ తీసుకోండి మేడమ్ అంటున్నాడు. నేను కీబోర్డు పక్కకి జరిపి చకచకా రాసుకుపోయాను. పిల్ల పేరు, తండ్రి పేరు, పుట్టిన తేదీ, చదివిన బడి. నా అక్షరాలు అచ్చు గుద్దినట్టు ఉంటాయని పేరు. కింద ఒక గడి ఉంది, ఇంటి నుంచి హైస్కూలుకు దూరం కిలోమీటర్లలో అని. ఒకటే గడి. ఎంతండీ బావగారూ అని అలవాటుగా అడిగాను. కొల్లేటివాళ్ళు దూరం చెబితే దోనె దూరమే చెబుతారు, వాళ్ళకి ఇంకో దూరం ఉండదు. "నాలుగేనమ్మా, ఎదురుగా కనబడతానే ఉంది కదా" అన్నారు. ఒకటే గడి ఉంటే విమాన దూరం. నా చెయ్యి నాలుగు వేసేసింది. కాయితం మడిచి కవర్లో పెట్టి, మిగిలిన బజ్జీలు ఇంకో పొట్లం కట్టి పిల్లకి పట్టుకెళ్ళమని ఇచ్చి పంపాను.

ఐదు కిలోమీటర్ల లోపల ఇల్లున్న పిల్లలు రోజూ నడిచి రావచ్చు కనక వాళ్ళకి హాస్టల్లో సీటు ఇవ్వరని నాకు తెలియదనుకోకండి. తెలుసు. పదకొండేళ్ళు బడిలో పనిచేసినదాన్ని, అలాంటి దరఖాస్తులు ఎన్ని చూడలేదు. ఊరందరికీ శకునం చెప్పే బల్లి కుడితిలో పడ్డట్టు, ఎక్కడో మంచుదేశంలో ముక్కూ ముఖం తెలియని వాళ్ళ రోడ్డును రెండు రోజులు నూలుపోగుతో కొలిచిన నేను, నేను పుట్టి పెరిగిన నీళ్ళ మీద నిమిషం ఆలోచించలేకపోయాను.

సీటు రాలేదు. పేర్లు అంటించిన రోజున బావగారు పిల్లని తీసుకుని హాస్టలుకి వెళ్ళి అడిగారట, ఆ మర్నాడు ఏలూరు వచ్చి మా మేడమెట్ల మీద కూలబడ్డారు. "మనకి దూరం చాలదన్నారమ్మా. నాలుగే కదా, రోజూ వచ్చి చదువుకోమన్నారు" అన్నారు. ఆ క్షణంలో నాకు మొత్తం అర్థమైంది, నా చెయ్యి, ఆ గడి, ఆ నాలుగు, అన్నీ కళ్ళముందు ఆడాయి. అప్పటికీ మించిపోయిందేమీ లేదు. చెప్పులేసుకుని ఆయనతో బయల్దేరి, అమ్మా తప్పు నాది, అది నీటిమీద దూరం, రోడ్డు మీద ఇరవై ఆరు, దిద్దండి అని వార్డెనుగారిని అడిగి ఉంటే ఆవిడ దిద్దేవారేమో. ఇంకా రెండు సీట్లు ఖాళీగా ఉన్నాయని తరవాత విన్నాను. నేను చెప్పులు వేసుకోలేదు. నా నోట వచ్చిన మాట ఇదీ: "వాళ్ళకి తెలిసినవాళ్ళ పిల్లలకి ఇచ్చేసుకుని ఉంటారు బావగారూ. మనలాంటి వాళ్ళకి ఎవరిస్తారండీ?"

ఎందుకన్నాను అంటే, సిగ్గుపడ్డాను. లంకలో మా బావగారు నా గురించి ఇంటింటికీ చెప్పుకున్నారు, చర్చిలో ప్రార్థన అయ్యాక నిలబడి సాక్ష్యం చెప్పినట్టు మా మరదలు లెక్క తప్పదని చెప్పారట. ఆ పేరు పోగొట్టుకోవడం నాకు ఇష్టం లేకపోయింది. ఒక పిల్ల చదువు కన్నా ఆ పేరు నాకు బరువైపోయింది. ఇంత పచ్చిగా అప్పుడు నాకు నేను చెప్పుకోలేదు, ఇప్పుడు చెబుతున్నాను. మా బావగారు నా మాట నమ్మారు. ఏ పాపం ఎరగని ఆ వార్డెనమ్మను ఆయన బతికినన్నాళ్ళూ తిట్టుకుంటూనే ఉన్నారు, తిట్టినప్పుడల్లా నేను తల ఊపుతూనే ఉన్నాను.

ఆ జూన్‌లో పిల్లని హైస్కూల్లో చేర్చి, వాళ్ళ తాతగారు రోజూ దోనె మీద దిగబెట్టడం మొదలుపెట్టారు. నెలన్నర సాగింది. వానలు పట్టాక కాలవ నిండా గుర్రపుడెక్క అల్లుకుపోయింది, దాన్ని గెడకర్రతో తోసుకుంటూ వెళ్ళేసరికి రెండో పీరియడు అయిపోయేది. ఒకరోజు పుస్తకాలు తడిసిపోయాయని పిల్ల వాటిని పొయ్యిగడ్డ మీద ఆరబెడుతుంటే చూశాను, అట్లాసు పేజీలు ఒకదానికొకటి అంటుకుపోయి విడతీస్తే చిరిగిపోతున్నాయి. ఆ అట్లాసు నేను కొనిచ్చిందే. ఆ పిల్లని నా దగ్గర ఏలూరులో పెట్టుకుని చదివించి ఉండొచ్చు కదా అని మీరనుకుంటారు. నర్సులిద్దరూ ఏమంటారో, గది చాలదేమో అని నేనే అనుకుని ఊరుకున్నాను. వాళ్ళని ఒక్కమాట అడగనైనా అడగలేదు.

సెప్టెంబరు వచ్చేసరికి బడి మానేసింది. పొద్దున్నే గాలివాటున ప్రార్థన వినబడినప్పుడల్లా అరుగుమీద నిలబడి తనూ పాడేదని మా అక్క చెప్పి ఏడ్చింది. ఆ పైన రొయ్యల షెడ్డులో కొన్నాళ్ళు పనిచేసింది, వేళ్ళ కొసలు నీళ్ళలో నానిపోయి తెల్లగా ఉండేవి. నిండా పంతొమ్మిది రాకుండానే ఆ హైస్కూలున్న ఊరిలోనే సంబంధం కుదిరింది. ఇప్పుడు ఆ హైస్కూల్లోనే మధ్యాహ్న భోజనం వండుతుంది. రోజూ ఆ గేటులోంచే లోపలికి వెళుతుంది, నేను నాలుగు వేసి మూయించిన గేటు.

మొన్నటి సంగతికి వస్తాను. పిల్ల ప్రాజెక్టు రాసుకుంటూ ఉండగా మా అక్క కూతురు కవరులోంచి దరఖాస్తు తీసి టీపాయి మీద పెట్టింది. పిల్లని కైకలూరు బడిలో వేసిందట, బడి బస్సుకి ఈ కాయితం ఇవ్వాలట. నా అక్షరాలు ఇప్పుడు అచ్చు గుద్దినట్టు లేవు, అయినా కళ్ళజోడు పెట్టుకుని రాశాను. పిల్ల పేరు, తల్లి పేరు, తరగతి. కింద గడి కనబడింది. ఇంటి నుంచి బడికి దూరం. ఒకటే గడి. ఎంతమ్మా అని అడగబోయి ఆగిపోయాను. మా అక్క కూతురు చెయ్యి చాపి నా వేళ్ళలోంచి పెన్ను మెల్లగా తీసుకుంది.

"అది నేను వేసుకుంటాలెండి పిన్నీ."

కోపం లేదు ఆ గొంతులో. కూర ఉప్పు చూసుకుంటాను అన్నట్టు అంది. నేను దాని ముఖంలోకి చూశాను. అది కాయితం లోంచి తల ఎత్తకుండానే, "ఆ రోజు హాస్టలుకి నాన్నతో నేనూ వెళ్ళాను కదండీ. వార్డెనమ్మగారు కాయితం తిప్పి చూపించారు. నాన్నకి చదవడం రాదు. నేను చదివాను" అంది.

పన్నెండేళ్ళ పిల్ల చదివింది. నా అక్షరాలు పోల్చుకుంది. ఇంటికి వెళ్ళి ఎవరికీ చెప్పలేదు, బావగారు ఆ వార్డెనమ్మని తిడుతుంటే నా పక్కనే కూర్చుని వింది, నేను తల ఊపడం చూసింది. పండక్కి వచ్చినప్పుడల్లా కాళ్ళకి నీళ్ళిచ్చింది, చేపల పులుసు ముక్క ఏరి నా కంచంలో వేసింది, మా పిన్ని అని నలుగురికీ చెప్పుకుంది. దాచుకున్నాననుకుని నేను పద్దెనిమిదేళ్ళు మోసిన దాన్ని, అది అప్పటినుంచీ ఎదురుగా పెట్టుకుని చూస్తూనే ఉంది. ఎందుకు చెప్పలేదే అని అడుగుదామంటే నాకు ఆ హక్కు ఎక్కడిది? "మజ్జిగ ఇంకొంచెం పొయ్యనా?" అన్నాను. ఇంతే అనగలిగాను.

వాళ్ళు వెళ్ళిపోయాక గుమ్మంలో చాలాసేపు నిలబడ్డాను. మన కాలంలో దూరం తెలియాలంటే పోగు తడిపి కొలవాలి, లేకపోతే తెలిసినవాళ్ళని అడగాలి, ఆ చెప్పేవాళ్ళు సరిగా చెప్పకపోతే ఒక మనిషి బతుకే దారి మళ్ళిపోయేది. ఇప్పుడు ఆ లంకకి వంతెన వచ్చింది, హైస్కూలు ముందు ఆటో ఆగుతుంది, ఏ ఊరికెంతో ఫోను రెండు లెక్కలూ చెబుతుంది, నన్ను అడగాల్సిన అవసరం ఎవరికీ లేదు. ఆ వంతెన మీద మొదటిసారి ఆటోలో వెళ్ళిన రోజు పది నిమిషాల్లో అవతలికి చేరాను, చేరి, ఏడుపొచ్చి, ఎవరూ చూడకుండా కొంగుతో ముఖం తుడుచుకున్నాను. ఆ వంతెన ఒక పదేళ్ళు ముందు వేసి ఉంటేనా అని సర్కారుని తిట్టుకోవడం తేలికే, కానీ ఆ పదేళ్ళలో నేను వేసిన అంకె కూడా ఉంది.

వాళ్ళు లేవబోయే ముందు, మా అక్క కూతురు నా దగ్గర తీసుకున్న పెన్నుతో ఆ గడిలో పదమూడు అని వేసింది. ఏడో తరగతి దగ్గరే ఆగిపోయిన గుండ్రటి చేతిరాత. వేసి, పెన్ను మూత పెట్టబోయి, మళ్ళీ ఏమనుకుందో, గడిలో చోటు లేకపోయినా పక్కనే చిన్న అక్షరాలతో ఇరికించి రాసింది, రోడ్డు మీద అని.